ప్రశ్న మారిన లెక్క మారును

భద్రాచలం అడవులలోని కోయవారిలో పలువురికి ఇంటిలో మాట కోయభాష. సంతలోను, కచేరీలోను మాట తెలుగు. ఇట్టివారిని "మీ భాష ఏది?" అని అడిగినచో ఏ జవాబు వచ్చును? అది అడిగిన తీరును బట్టి యుండును.

మన జనాభా లెక్కల చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1881లో ఉయ్యాలనాటి నుండి మాట్లాడిన భాషను అడిగిరి. 1891లో తల్లిదండ్రుల భాషను, 1901లో సాధారణముగా వాడు భాషను అడిగిరి. 1961లో మాతృభాష యనగా బాల్యమున తల్లి బిడ్డతో మాట్లాడిన భాష యని నిర్వచించిరి. ఒకే కోయ కుటుంబము ఒక ప్రశ్నకు "కోయ" అనియు, మరియొక ప్రశ్నకు "తెలుగు" అనియు నిజమే చెప్పవచ్చును. అడుగువాడు తెలుగున అడిగిన, జవాబు తెలుగు వైపు మొగ్గుటకు మరికొంత అవకాశము కలదు.

ఎవరిని అడిగితిమన్నదియు ముఖ్యమే. 1936లో అమెరికాలో 'లిటరరీ డైజెస్ట్' పత్రిక సుమారు కోటిమందికి నమూనా ఓటుపత్రములు పంపినది. 20 లక్షలకు పైగా తిరిగివచ్చినవి. లాండన్ గెలుచునని పత్రిక ప్రకటింపగా, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రములలో 46 గెలిచెను. చిరునామాలలో అధికభాగము టెలిఫోను, మోటారుకారు గలవారివి. పైగా జవాబు పంపినవారినే లెక్కించిరి. లోపము సంఖ్యలో కాదు, ఎన్నికలో గలదు.

అమెరికా పత్రిక తప్పు ఎన్నికల నాడే బయటపడినది. భాషల లెక్కలోని తప్పును చూపు అట్టి దినము రాదు. కాని భాష మాట్లాడువారి సంఖ్య తగ్గినట్లు కనిపించిన, ఆ భాషలో బడిపుస్తకము కోరువారి వాదము బలహీనపడును.

ఉపాధ్యాయులు తరగతిని చీట్లు వేసి రెండుగా విభజించి, ఒక సగమును "ఇంటిలో ఏ భాష మాట్లాడుదురు?" అనియు, రెండవ సగమును "మీకు బాగుగా వచ్చిన భాష ఏది?" అనియు అడిగి చూడవచ్చును. అంకెను చూచినపుడు దాని వెనుక ప్రశ్నను అడుగుట విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠము.