శఠారి ముందు చూపించి

ధనుర్మాసం. తెల్లవారుజామున ఐదున్నర. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక అపార్టుమెంటు, రెండో అంతస్తు. తలుపు తీసే ఉంది, రండి. మాటలు కాస్త మెల్లగా. కొత్త గొంతు గట్టిగా వినబడితే అతను చెవులు మూసుకుంటాడు.

ముప్పై దాటిన మనిషి. మంచం అంచున కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. తల్లి చొక్కా తొడిగి పైనుంచి గుండీలు పెట్టుకొస్తోంది. ఆఖరి గుండీని మాత్రం కాజాలో సగం దూర్చి వదిలేసింది. "లాగు నాన్నా" అంటూ అతని వేళ్లని గుండీకి ఆనించింది. జారిపోయింది. మళ్లీ ఆనించింది. మనమే పెట్టేస్తే పోదా అని మీకు చేతులు ఊరుకోవు. ఆగండి. కాసేపటికి గుండీ ఇవతలికొచ్చింది. ఊగడం ఆపి, దాని వంకే చూస్తున్నాడు.

పని ముగిసిందన్న తృప్తి ముందు తెలియాలి. అందుకే ఆఖరి మెట్టు మొదట నేర్పి, ఒక్కో మెట్టూ వెనక్కి వెళతారు. ఆమెకి ఇది బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో నేర్పారు. 1984లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం కేంద్రం అక్కడ పెట్టిన జాతీయ సంస్థని చాలాకాలం ఎన్‌ఐఎంహెచ్ అన్నారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. ఐక్యూ 20 నుంచి 34 దాకా ఉంటే ఆ వైకల్యాన్ని తీవ్రస్థాయి అంటారు, ఇతనిది అదే. ఆ సంస్థకి చేరేలోపు తాయెత్తులు, మొక్కులు, స్వస్థత కూటాలు అన్నీ అయ్యాయి. ఈ పేటలో దేవుళ్లకి కొదవేముంది, 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి కూడా ఇక్కడిదే. కొడుకు బాగవాలని మొక్కడం ఆమె ఎప్పుడో మానేసింది. గుడికి వెళ్లడం మానలేదు.

వీధి చివర వేంకటేశ్వరస్వామి గుడి. లైన్లో మీరు వాళ్ల వెనకే ఉన్నారు. పాశురం మధ్యలో అతను "బా...!" అని అరిచాడు. తలలు తిరిగాయి. "అయ్యో పాపం, ఏ జన్మ కర్మో" అని ఒకావిడ పక్కావిడతో అంది, తల్లికి వినబడేంత గట్టిగా. కర్మ సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. దాన్ని లైన్లో నిలబడి పక్కవాళ్ల మీద ప్రయోగించడంతోనే.

శఠారి దగ్గర చూడండి. నెత్తిమీద ఏది తగిలినా అతను బెదురుతాడు. అర్చకుడు తొందరపడలేదు. ముందు తన భుజానికి తాకించుకున్నాడు, తర్వాత తల్లి తలమీద పెట్టాడు, ఆ తర్వాత అతని చేతికందించాడు. అతను తడిమి, తనే తల వంచాడు. ఈ అర్చకుడికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. వెనక లైను గొణుగుతోంది, గొణగనీండి.

మండపంలో పొంగలి. ఆమె మిరియాలు ఏరి, మెదిపి, చిన్న ముద్దలు పెడుతోంది, మింగాడని గొంతు చూసుకుని మరో ముద్ద. పెద్ద ముద్దయితే పొలమారుతుంది. మధ్యమధ్యలో కాగితాల సంగతి చెబుతోంది. పద్దెనిమిదేళ్లు దాటితే తల్లయినా సరే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌గా నియమించమని దరఖాస్తు పెట్టుకోవాలి. కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు ఉన్న కమిటీ తేలుస్తుంది. ఆమెకి ఆ కాగితం వచ్చింది. తన తర్వాత ఎవరన్నదే మిగిలింది.

"మా ఆడపడుచు కొడుకు సంతకం పెడతానన్నాడండీ. మంచివాడే. ముందు ఓ నెల వచ్చి వీడికి అన్నం పెట్టమన్నాను. సంక్రాంతి వెళ్లాక వస్తానన్నాడు."