డొక్కా సీతమ్మగారి చిత్తరువు

మండపేటనుండి ఆలమూరు మీదుగా దక్షిణమునకు వచ్చువారికి జొన్నాడయొద్ద గౌతమి యడ్డుపడును. నేడు వంతెనమీద నిమిషములలో దాటి రావులపాలెము చేరుచున్నాము. సీతమ్మగారి పుట్టినిల్లు మండపేట. మెట్టినిల్లు ఈ యేటి కావల, వైనతేయతీరమందలి లంకల గన్నవరము. 1841లో జన్మించి 1909లో పరమపదించిన యీ యన్నదాత్రి వృద్ధరూప మొక్కటియే లోకమెఱిగినది.

ఆమె వయస్సున నుండగా రూపచిత్రణము రాజాస్థానముల సొత్తు. మధురనుండి తిరువాన్కూరు చేరిన అళగిరి నాయుడు స్వాతి తిరునాళ్ కొలువున పేరొందెను. 1868లో థియొడోర్ జెన్సన్ అచ్చటికి వచ్చి తైలవర్ణములతో రాజదంపతులను చిత్రించుచుండగా రవివర్మ చూచి నేర్చెను. ఆ వర్ణములు మెల్లగా ఆరునవి. చిత్రింపబడువారు పలుమాఱులు కదలక కూర్చుండవలెను. వేళగాని వేళ వచ్చు బాటసారులకు వండి వడ్డించు గృహిణి కంతటి తీరిక యెక్కడిది? ఛాయాగ్రహణ యంత్రము పల్లెలకు వచ్చినగాని యట్టి వారి రూపము నిలుచుటకు వీలు లేకపోయెను.

తలపై కొంగు కప్పుకొన్న ఆమె పటమును గూర్చిన జనశ్రుతి ప్రసిద్ధము. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు పిలుపు రాగా ఆమె పోనొల్లలేదట. పటమైన పంపనిచో అధికారి కొలువునకు ముప్పని చెప్పగా, పరుల కూటికి తనవలన భంగము కలుగరాదని సమ్మతించెనట. ఈ కథను కొందఱు పట్టాభిషేకమునకును, కొందఱు వార్షికోత్సవమునకును ముడివేయుదురు. కాలమును సరిచూతము. 1902 జూన్ 26కు నిర్ణయమైన పట్టాభిషేకము రాజుయొక్క అస్వస్థతచే నాగి ఆగస్టు 9న లండనులో జరిగెను. 1903 జనవరి 1నాటి ఢిల్లీ దర్బారునకు రాజు రాలేదు. తమ్ముడగు కన్నాటు ప్రభువును బంపెను. కనుక చక్రవర్తి ఆమె పటమునకు నమస్కరించె నను మాటను ఢిల్లీకి జేర్చి చెప్పుట పొసగదు. ఈ యుత్సవములతోడి సంబంధమును గైకొన్నచో, పటము నాటి కామె కఱువదియేండ్లు నిండుటయో నిండవచ్చుటయో యగును.

గన్నవరమున కాటన్ కాలపు అక్విడక్టు ప్రక్కన క్రొత్తగా గట్టి 2000లో ప్రారంభించిన దాని కామె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆ పేరే యుంచినది. ఇంత ప్రసిద్ధికిని ఆధారముగా జూపు రూప మా ముదుసలిదే. బాలురకు పటము చూపు పండితులు దాని వయస్సును గూడ చెప్పుట మేలు. తల్లిలేని యింట, భవానీశంకరముగారి కుమార్తెయై, అతిథిగా వచ్చిన జోగన్నగారికి విస్తరివేసి వడ్డించి, ఆ యాదరణచేతనే యాయన యిల్లాలైనదని చెప్పుకొను మండపేట బాలికకు పటము లేదు.