నొప్పి తెలియని పాదాలు

కాలికి ముల్లు గుచ్చుకుంటే 'అబ్బా' అంటూ అక్కడే కూర్చుని తీసుకుంటాం. ఆ నొప్పే మన పాదాలకు కాపలా అని ఎప్పుడైనా అనుకున్నారా?

1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు సోకితే కాలివేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో నమ్మేవారు. ఆయనా, తోటి వైద్యులూ పరిశీలించి చూస్తే అసలు సంగతి వేరు. వ్యాధి నరాలను దెబ్బతీసి స్పర్శ పోగొడుతుంది. మేకు దిగినా, బొబ్బ చితికినా రోగికి తెలియదు. పుండు మీదే నడుస్తాడు. అది చీము పట్టి ఎముకదాకా పోతుంది.

మరి దీనికి ఉపాయం? చెప్పులండీ! బరువంతా ఒక్కచోట పడకుండా సర్దే మెత్తని రబ్బరు అట్ట, దానికింద ముల్లు దిగని గట్టి అట్ట. మేకులు మాత్రం కొట్టకూడదు. మానిన కాలు మళ్ళీ పుండు పడకుండా కాచినవి ఈ చెప్పులే.

1966లో ఆయన అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రికి వెళ్ళారు. మధుమేహంతో మొద్దుబారిన పాదాలకూ ఇదే సూత్రం పనికివచ్చింది.

మన ఇళ్ళలోనూ చక్కెరవ్యాధి ఉన్న అత్తగారో, నాన్నగారో ఉంటారు కదా! "నొప్పేం లేదమ్మా" అన్నారని ఊరుకోకండి. రోజూ వారి అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరే చూడండి. స్నానం కాగానే తడి ఒత్తండి. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేయించండి. చిన్న పుండు కనబడినా వెంటనే డాక్టరుకు చూపించండి. వారి పాదాలు చెప్పలేని మాట మన కళ్ళే చెప్పాలి మరి!