మఖ్మల్ కొమ్ములు

మొన్న సంగారెడ్డిలో ఒక పాత ఇంటికి దావత్‌కు వెళ్లాం. దివాన్‌ఖానా గోడ మీద సాంబర్ కొమ్ముల జత ఉంది. మా చిన్నోడు దాన్నే చూస్తూ "అబ్బా, పుస్తకంలో జింక కొమ్ముల మీద బొచ్చుంది, దీనికి లేదేం?" అన్నాడు. సవాల్ చిన్నదే, జవాబులో మాత్రం మన ఇలాఖా తారీఖ్ చాలా ఉంది.

కృష్ణజింక కొమ్ములు రాలవు. సాంబర్, అంటే కణితి, కొమ్ములు ఎండాకాలంలో రాలి, వానల్లో పెరిగి, చలికాలానికి గట్టిపడతాయి. చీతల్‌కు, అంటే చుక్కల దుప్పికి, ఫలానా మౌసమ్ అంటూ లేదు. పెరిగే రోజుల్లో కొమ్ము మీద మెత్తటి చర్మం ఉంటుంది, చేత్తో తాకితే అచ్చం మఖ్మల్. లోపల ఖూన్ పారుతుంది, పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఎముక గట్టిపడ్డాక ఆ చర్మం ఎండిపోతుంది, జింక చెట్లకు రుద్ది ఊడగొట్టుకుంటుంది. గోడ మీద మనం చూసేది ఆ తర్వాత మిగిలిన ఎముకే.

మెదక్ వైపు పోచారం అడవి నిజాం శికార్‌గాహ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల శికార్‌కు మషూర్. రాజా దీన్‌దయాళ్ తీసిన తస్వీర్లలో ఆ జమానా నేటికీ కనిపిస్తుంది. దక్షిణాది షికారీలు తోళ్లు, తలలు మైసూరులోని వాన్ ఇంగెన్ కార్ఖానాకు పంపేవారు. అప్పట్లో ఒక తకరార్ ఉండేది. మన షికారీలు గోష్త్ హలాల్ కావాలని జింక పడగానే జబహ్ చేసేవారు. గొంతు పైకి కోస్తే తల మౌంట్‌కు తోలు ఖరాబ్ అవుతుందని అంగ్రేజ్ దొరలు గొణిగేవారు.

మఖ్మల్ కొమ్మును నిలబెట్టడం ఇంకా ముష్కిల్. అది సగం గోష్త్ లాంటిది, వేడికి గంటల్లో కుళ్లడం మొదలవుతుంది. మొనల దగ్గర సూదితో గుచ్చి, తల కిందికి వేలాడదీసి ఖూన్ కార్చాలి. మొదట్లో ఉన్న నరాల్లోకి ఫార్మాలిన్ ఎక్కించాలి. తర్వాత నీడలో హఫ్తాల తరబడి ఆరబెట్టాలి. ఎక్కడ దవా అందకపోతే అక్కడ బొచ్చు ఊడిపోతుంది. ఫార్మాలిన్ వాడకం 1890ల తర్వాతి మాట. అంతకుముందు ఉప్పు, పటిక, సంఖియా కలిపిన సబ్బే దిక్కు. సంఖియా అంటే జహర్. పాత తోలు తలల్లో అది ఇంకా ఉండొచ్చు, పిల్లల్ని తాకనివ్వకండి.

1952లో పోచారం అభయారణ్యమైంది. 1972లో వన్యప్రాణి రక్షణ కానూన్ వచ్చింది. అదే ఏడాది పటాన్‌చెరులో ఇక్రిశాట్ పుట్టింది, ఆ తర్వాత చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. ఈరోజు పాశమైలారం గేటు దగ్గర షిఫ్ట్ దిగే నౌజవాన్‌కు సాంబర్ అంటే గోడ మీది ఎముక మాత్రమే.

అందుకే ఒక గుజారిష్. ఇంట్లో దాదాల నాటి కొమ్ములుంటే కాగజాత్ వెతకండి. కానూన్ కొమ్మును కూడా ట్రోఫీ అనే అంటుంది. అమ్మడం జుర్మ్. విరాసత్‌లో వస్తే 90 రోజుల్లో అటవీ శాఖ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి. అడవిలో రాలిన కొమ్ము దొరికినా ఇంటికి తేకండి.

తిరిగొస్తూ చిన్నోడికి మాటిచ్చాను, పోచారం తీసుకెళ్తానని. ఇన్‌షాఅల్లాహ్, మఖ్మల్ ఉన్న కొమ్ము ఏదైనా నడుస్తూ కనిపించాలి.