అల్లము కుటుంబము: ఒక వర్గీకరణ చరిత్ర

పసుపు, శొంఠి, ఏలకులు లేని యిల్లు తెలుగునాట అరుదు. పసుపు గడపకు, శొంఠి బాలింతకు, ఏలకులు పాయసమునకు ననునది మనవారి వాడుక. ఈ మూడును ఒక్క కుటుంబమునకు చెందిన మొక్కలనుట మాత్రము పెక్కుమంది యెఱుగరు. కచ్చోరములు, మామిడియల్లము, దుంపరాష్ట్రము, పథ్యమునకు కాచి పోయు పాలగుండ నిచ్చు దుంప కూడ ఈ కుటుంబములోనివే. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని జింజిబరేసీ యందురు. అల్లము కుటుంబమని మన మనవచ్చును. ఇందు సుమారు 50 ప్రజాతులు, 1,300కు మించిన జాతులు కలవు. వీనిలో అత్యధికభాగము ఉష్ణమండలపు ఆసియాలోనివి. వీని బంధుత్వమును నిర్ణయించుటకు పండితులకు రెండున్నఱ శతాబ్దములు పట్టినది. ఆ చరిత్రలో మన తూర్పు తీరమునకును భాగమున్నది.

వస్తువులను వర్గములుగా విభజించుట మన పూర్వులకు క్రొత్త కాదు. అమరసింహుడు తన నిఘంటువునందు ఏలకులను వనౌషధివర్గమున చేర్చెను. ఆర్ద్రకమును, హరిద్రను వైశ్యవర్గమున, వంటదినుసుల సరసన నుంచెను. ఇది పొరపాటు కాదు. ఆయన మొక్క పుట్టుకను గాక, ప్రయోజనమును, పలుకుబడిని చూచి విభజించెను. నిఘంటుకారునకు అది చాలును. కాని ఎన్నడును చూడని మొక్క యొకటి యెదుట పడినపుడు, ఇది దేనికి చుట్టమని తెలిసికొన గోరువానికి అది చాలదు.

పాశ్చాత్యులలో మన దేశపు మొక్కలను గూర్చి మహాగ్రంథమును కూర్పించినవాడు కొచ్చిలోని డచ్చి అధికారి వాన్ రీడ్. హోర్టస్ మలబారికస్ అను ఆ గ్రంథము 12 సంపుటములుగా 1678 మొదలు 1693 వఱకు ఆమ్‌స్టర్‌డాములో అచ్చయ్యెను. దానికి మూలాధారము ఇట్టి అచ్యుతన్ అను మలయాళ వైద్యుని జ్ఞానము. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అను కొంకణీ బ్రాహ్మణులును తోడ్పడిరి. 11వ సంపుటమున అల్లము, ఏలకులు మొదలగువాని చిత్రములు మలయాళ నామములతోనే ప్రకటింపబడినవి. ఏలకి మొక్కకు నేటికిని లోకమంతట చెల్లుచున్న ఎలెట్టేరియా అను శాస్త్రనామము ‘ఏలెత్తరి’ యను ఆ మలయాళ పదమునుండి వచ్చినదే.

1753లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు తన స్పీషీస్ ప్లాంటారమ్ అను గ్రంథమును ప్రకటించెను. ప్రతి మొక్కకును రెండు మాటల పేరు నిలువుగా ఏర్పడినది దానితోనే. ఆయన విభజనపద్ధతి మిక్కిలి సులభము. పువ్వులోని కేసరములను లెక్కింపవలెను. ఒక కేసరమున్న మొక్కలు మొదటి తరగతి, రెండున్నవి రెండవ తరగతి, ఇట్లు సాగును. అల్లము, పసుపు మొదలగువానికి ఒకే కేసరముండుటచే అవి గ్రంథపు మొదటి పుటలలోనే చోటు పొందెను.

అయితే లెక్క సరియైనను పొత్తు కుదురలేదు. గట్లవెంట నేలబారుగా ప్రాకు పునర్నవ జాతికిని కేసరములు తక్కువే యగుటచే, అది అల్లము పంక్తిలో కూర్చుండెను. ఉప్పునేలలలో పెరుగు సాలికార్నియా యను మొక్కయు వచ్చి ప్రక్కన చేరెను. ఆకారమునను, ఆకు పొదుగుటలోను అల్లమునకు దగ్గఱి బంధువైన అరటియో, వేఱొక తరగతికి పోయి పడెను. పుస్తకములను విషయమును బట్టి కాక అట్ట రంగును బట్టి బీరువాలో సర్దినయెడల భారతముప్రక్కన పంచాంగము చేరును. కేసరముల లెక్కతో జరిగినది ఇట్టిదే. తన పద్ధతి కృత్రిమమని లిన్నేయసే యెఱుగును. క్రొత్తవారికి మొక్క పేరు వెదకుకొనుటకు అది మార్గముగా నుండెను గాని, బంధుత్వమునకు ప్రమాణము కాలేదు.

ఒకే కేసర మేల యున్నదని విచారించిన గాని గుట్టు తెలియదు. ఈ కుటుంబపు పువ్వులో అన్నిటికంటె పెద్దదై, రంగుతో కన్నులకింపుగా కనబడు రేకు నిజమునకు రేకు కాదు. అది రెండు కేసరములు పుప్పొడిని విడిచి, వెడల్పై, ఒకటిగా కలిసి ఏర్పడిన పెదవి. నిజమైన ఆకర్షకపత్రములు దాని వెనుక సన్నగా అణగియుండును. పుప్పొడి నిచ్చు ఒక్క కేసరమును తన పుప్పొడితిత్తి రెండు భాగములనడుమ సన్నని కీలమును ఇముడ్చుకొని నిలుచును. మెట్టతామర పువ్వులోనైతే ఆ ఒక్క కేసరమున సగమే పుప్పొడి నిచ్చును, తక్కిన సగము రేకుగా మాఱును. కావున అల్లమును, మెట్టతామరయు బంధువులే యయ్యును ఒకే యింటివి కావు. సంఖ్య చూచినవానికి ఈ భేదము కనబడదు, రూపము చూచినవానికే కనబడును.

ఇందు మఱియొక చిక్కున్నది. ఈ పువ్వులు మిక్కిలి సుకుమారములు. కాగితములనడుమ నొక్కి ఎండబెట్టినచో ముద్దయై ఆకారము చెడును. ఐరోపాలో కూర్చుండి ఎండుమొక్కలను చూచువారికి ఇవి సరిగా బోధపడకపోవుట సహజము. పచ్చి మొక్క కడ కూర్చుండి, పువ్వు వాడకమునుపే వ్రాయగలవాడు కావలసివచ్చెను.

అట్టివాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో బాల్టిక్ ప్రాంతమున జన్మించి, లిన్నేయసుకడ శిష్యరికము చేసి, 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషనునకు వైద్యుడై వచ్చెను. తరువాత ఆర్కాటు నవాబు కొలువున, 1778 మొదలు ఈస్టిండియా కంపెనీ కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండెను. కంపెనీ పనిమీద సయామునకును, మలక్కాకును పోయి, 1779లో నేడు పుకెట్టు అనబడు ద్వీపమున విడిసి, అచటి అల్లపుజాతి మొక్కలను పచ్చిగా చూచి ఒక్కొక్కదానిని విపులముగా వర్ణించెను. స్వీడనులోని లుండ్ పట్టణపు పండితుడు రెట్సియస్ ఆ వర్ణనలను 1783లో తన గ్రంథమున ప్రకటించెను. సీతాకోకచిలుకవలె నుండు తెల్లని సుగంధపుష్పమునకు హెడిచియమ్ అను పేరు అందులోనే పెట్టబడినది.

1785లో కోనిగ్ ఉత్తర సర్కారులలో సంచరించుచుండగా అతిసారము సోకెను. సామర్లకోటలో వైద్యుడుగానున్న విలియం రాక్స్‌బర్గు వచ్చి చికిత్స చేసెను. ఫలింపలేదు. ఆ సంవత్సరము జూన్ 26వ తేదీన, నేడు కాకినాడ పురములో భాగమైన జగన్నాథపురమున కోనిగ్ మరణించెను. ఆయన కాగితములు ఆయన కోరికచొప్పున లండనులోని జోసెఫ్ బ్యాంక్సుకు చేరెను. పుకెట్టు మొక్కల నమూనాలు మాత్రము చాలవఱకు నిలువలేదు. నిలిచినది వ్రాత. 20వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు ఆ వ్రాతను ఆధారముగా గొనియే, ఆయన చూచిన మొక్క లేవియో తిరిగి పోల్చుకొనగలిగిరి.

రాక్స్‌బర్గు 1781 మొదలు 1793 వఱకు సామర్లకోటలో నుండెను. మిరియపు తోట వేసెను. దేశీయ చిత్రకారులచే మొక్కల చిత్రములు వ్రాయించెను. 1787 నాటి ఉప్పెనలో ఆయన పుస్తకములు, తొలినాటి సేకరణలు పోయినను పని విడువలేదు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కలు అను గ్రంథము 300 చిత్రములతో మూడు సంపుటములుగా 1795 మొదలు లండనులో వెలువడెను. ఆ చిత్రములు వ్రాసిన కళాకారుల పేర్లు మాత్రము పుటలకెక్కలేదు. 1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతియై, ఒక్క కేసరపు మొక్కలనుగూర్చి 1810లో ప్రత్యేకవ్యాసము ప్రకటించెను. మామిడియల్లమునకును, పాలగుండ దుంపకును శాస్త్రనామములు పెట్టినది ఆయనయే.

పసుపు జాతులను వేఱుపఱచుటలో ఆయన చూపు నిశితమైనది. పూవెన్ను ఆకులనడుమనుండి లేచునవి ఒక తెగ, ఆకుల గుంపునకు ప్రక్కగా నేలనుండి విడిగా లేచునవి వేఱొక తెగ యని విభజించెను. దుంపను కోసి లోపలి రంగును గుర్తించెను. ఇవి రైతునకు తెలిసిన గుర్తులే. ఆయన మరణానంతరము 1820లో శ్రీరాంపురమున వెలువడిన ఫ్లోరా ఇండికా మొదటి సంపుటమున, తెలుగు పేర్లును పలుచోట్ల ‘తెలింగ’ అను గుర్తుతో అచ్చయి యున్నవి.

ఈ సామగ్రిని క్రమపఱచిన మఱియొకడు విలియం రాస్కో. లిన్నేయసు గ్రంథము వెలువడిన 1753లోనే లివర్‌పూలున పుట్టెను. తండ్రి కూరగాయలు పండించి అమ్మువాడు. 12వ యేట బడి మాని, తండ్రికి తోడుగా తోటపని చేయుచు, దొరకిన పుస్తకమెల్ల చదివి, స్వయముగా లాటిను, ఇటాలియను భాషలు నేర్చెను. న్యాయవాదియై, చరిత్రకారుడై పేరు గనెను. పార్లమెంటు సభ్యుడై 1807లో బానిసవ్యాపార నిషేధమునకు ఓటు వేసెను. ఆయన తోడ్పాటుతో నెలకొనిన లివర్‌పూలు వృక్షోద్యానమున భారతదేశపు మొక్కలు గాజుటిండ్లలో పూచెను. వానిని పచ్చిగా పరీక్షించి రాస్కో ఒక సత్యము కనుగొనెను. కేసరము ఒకటే యైనను దాని రూపము ప్రజాతికొక తీరుగా నుండును. అల్లమునకు కేసరపు కొన కొమ్మువలె వంగి కీలమును చుట్టుకొనును. పసుపునకు పుప్పొడితిత్తి మొదట రెండు ముళ్లుండును. ఈ గుర్తులతో 1807లో ఆయన క్రొత్తవిభజన ప్రకటించెను. అల్లమునకు నేటి శాస్త్రనామము జింజిబర్ ఆఫిసినాలే ఆయన పెట్టినదే.

1816లో రాస్కో భాగస్థుడుగానున్న బ్యాంకు చిక్కులలో పడెను. ఋణము తీర్చుటకై జీవితమంతయు కూడబెట్టిన గ్రంథాలయమును వేలము వేయవలసివచ్చెను. మిత్రులు వానిలో కొన్నింటిని కొని, ఆయనకే యిచ్చివేయ జూచిరి. ఆయన అంగీకరింపలేదు. ఆ పుస్తకములను ఊరివారి పఠనమందిరమైన ఎథీనియమున నుంచిరి. స్వంతబీరువాలు లేకున్నను రాస్కో పని యాపలేదు. 1824 మొదలు 1828 వఱకు ఈ మొక్కలమీద 112 వర్ణచిత్రములతో మహాగ్రంథమును వెలువరించి, 1831లో మరణించెను.

తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్పవచ్చును. 1820లో రష్యా పండితుడు మార్టినోవ్ జింజిబరేసీ అను కుటుంబనామమును ప్రకటించెను. 1904లో జర్మను పండితుడు షూమన్ ఈ కుటుంబపు మొక్కలనన్నిటిని ఒక గ్రంథమున చేర్చెను. 2002లో క్రెస్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు మొక్కల జీవకణములలోని డీ.ఎన్.ఏ.ను పోల్చి, కుటుంబమును నాలుగు ఉపకుటుంబములుగా విభజించిరి. పసుపును, అల్లమును ఒక ఉపకుటుంబమునను, ఏలకులు, దుంపరాష్ట్రము వేఱొకదానను నిలిచెను. అరటియు, మెట్టతామరయు ఇరుగుపొరుగు కుటుంబములై, అన్నియు కలిసి ఎనిమిది కుటుంబముల గణముగా నేడు పరిగణింపబడుచున్నవి. పునర్నవ ఎన్నడో తన దారిన తాను పోయెను.

తూర్పు కనుమల తేమనేలలలో చెంగల్వకోష్టు అను మొక్క కలదు. మెట్లు చుట్టినట్లు కాండమునకు చుట్టును ఆకులు తిరిగియుండును, తెల్లని పువ్వు ఎఱ్ఱని కంకినుండి వెలువడును. కోనిగ్ దానికి 1783లో బ్యాంక్సు పేర బాంక్సియా యని పేరిడెను. ఇంచుమించు ఆ పేరే అంతకు ముందటి యేడు వేఱొక మొక్కకు పెట్టబడియున్నందున అది చెల్లలేదు. రెట్సియస్ హెల్లేనియా యనెను. పిదప కోస్టస్ అయ్యెను. ఆకులు చుట్టుగా నుండుటయు, సువాసన లేకుండుటయు చూచి, 1941లో నకాయి యను జపాను పండితుడు ఈ తెగను అల్లము కుటుంబమునుండి వేఱుచేసెను. నేడు మరల హెల్లేనియా స్పెసియోసా యనుచున్నారు. ప్రజాతి పేరు ఇన్నిమార్లు మాఱినను, మొదట వర్ణించినవాని పేరు కుండలీకరణములలో నిలిపి వ్రాయుట శాస్త్రమర్యాద. కావున ఆ నామము వెంట కోనిగ్ పేరు నేటికిని నిలిచియున్నది.

జగన్నాథపురమున కన్నుమూసిన ఆ వైద్యుని నమూనాలు పోయెను. సామర్లకోట వైద్యుని పుస్తకములు నీటిపాలయ్యెను. లివర్‌పూలు తోటవాని కుమారుని గ్రంథాలయము వేలమున పోయెను. అయినను వారెఱిగినది నశింపలేదు. ఒకడు చూచినది వ్రాసెను, వేఱొకడు దానిని భద్రపఱచెను, ఇంకొకడు చదివి సవరించెను. గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము తీసిన ప్రతివాడును ఈ వరుసలో చేరినవాడే. వర్షాకాలమున పెరటిలో పసుపు పూచినపుడు పిల్లలను పిలిచి ఆ పువ్వును విప్పి చూపుడు. పెద్దరేకు వంటిది రేకు కాదనియు, దాని గుట్టు తెలియుటకు ఎందఱో శ్రమపడిరనియు చెప్పుడు.