సున్నపు నేలల్లో బత్తాయి: ఆకు పసుపైతే యూరియా ఒక్కటే మందు కాదు

మేళ్లచెరువు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు రావడానికి కారణమైన సున్నపురాయే మన బత్తాయి తోటల్లో చాలా తిప్పలకు కూడా కారణం. సున్నం ఎక్కువున్న నేలలో జింకు, ఇనుము ఉన్నా వేర్లకు అందవు. ఆకులు పసుపెక్కగానే రైతు యూరియా గుప్పిస్తాడు. ఖర్చు పెరుగుతుందే గాని రంగు తిరగదు.

ముందు ఏ ఆకు పసుపైందో చూడండి. ముదురాకులు మొత్తంగా పసుపైతే నత్రజని లోపం. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము లోపం. ఆకులు చిన్నవై, సన్నగా, గుబురుగా వస్తే జింకు లోపం. పాదులో నీళ్లు నిలిచినా ఆకు పసుపెక్కుతుంది. అప్పుడు కాలువ తీయాలి, మందు కాదు.

జింకు, ఇనుము లోపాలకు కొత్త చిగురు వచ్చినప్పుడు పిచికారీయే మేలు. లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రా., మాంగనీస్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ ఒక్కొక్కటి 2 గ్రా., బోరాక్స్ 1 గ్రా., సున్నం 6 గ్రా., యూరియా 10 గ్రా. కలపాలి. సున్నపు నేలకు మళ్లీ సున్నమా అనుకోవద్దు, ఇది ఆకు మాడకుండా వేసేది. బోరాక్స్ మాత్రం తూకం వేసే కలపండి, ఎక్కువైతే ఆకు కాలుతుంది.

ఐదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి 1500 గ్రా. నత్రజని, 350 గ్రా. భాస్వరం, 400 గ్రా. పొటాష్ కావాలి. నత్రజనిలో పావు వంతు పశువుల ఎరువు, పావు వంతు పిండి, సగం రసాయన ఎరువు రూపంలో ఇవ్వాలి. అంటే సుమారు 75 కిలోల పశువుల ఎరువు, 7.5 కిలోల వేపపిండి, 1.6 కిలోల యూరియా. వీటికి తోడు సూపర్ ఫాస్ఫేట్ 2.2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 670 గ్రా. డిసెంబరు-జనవరిలో సగం, జూన్-జూలైలో సగం వేయండి. మొదట్లో కాకుండా చెట్టు నీడ అంచున పాదు తీసి, వేసి, మట్టి కప్పి నీరు పెట్టండి. పశువుల ఎరువు దొరకదని మానేస్తే ఈ నేలల్లో మిగతావన్నీ సగమే పనిచేస్తాయి.

జిప్సం అందరికీ కాదు. అది సోడియం ఉన్న చౌడు నేలలకు, అదీ భూసార పరీక్షలో తేలితేనే. ఉత్త సున్నపు నేలకు దండగ.

కొత్తగా నాటేవారు రంగపూర్ నిమ్మపై అంటుకట్టిన మొక్కలే అడగండి. సున్నాన్ని అది బాగా తట్టుకుంటుంది.