తుపాకీ యజమానులకు గృహ బీమా (అమెరికా)

అమెరికాలో సొంతింటికి తీసుకునే బీమా పాలసీ ఆ ఇంట్లోని తుపాకులకు కూడా కొంతవరకు వర్తిస్తుంది. ఇందులో రెండు వేర్వేరు రక్షణలు ఉన్నాయి. తుపాకీ పోయినా, పాడైనా దాని విలువ చెల్లించడం మొదటిది. దాని వల్ల పరాయివారికి హాని జరిగితే యజమాని కట్టాల్సిన నష్టపరిహారాన్ని భరించడం రెండోది. ఈ రెండింటికీ పరిమితులున్నాయి. వాటిని చాలామంది నష్టం జరిగాకే తెలుసుకుంటారు.

వస్తువుగా తుపాకీ

ఆ దేశంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్ (ఐఎస్‌ఓ) రూపొందించిన హెచ్‌ఓ-3 నమూనా పాలసీ. అద్దెకుండేవారికి హెచ్‌ఓ-4 ఉంది. వీటిలో ఇంటి సామాన్లకు సంబంధించిన భాగాన్ని ‘కవరేజ్ సి’ అంటారు. అగ్నిప్రమాదం, పిడుగు, దొంగతనం వంటి, పాలసీలో పేరుపెట్టి చెప్పిన కారణాల వల్ల కలిగిన నష్టానికే ఈ భాగం వర్తిస్తుంది. వరద నష్టం ఇందులోకి రాదు. తుపాకీని ఎక్కడో పెట్టి మరచిపోవడం కూడా ఇందులోకి రాదు.

దొంగతనం విషయంలో ఇంకో మెలిక ఉంది. ఐఎస్‌ఓ 2000, 2011 నమూనాల ప్రకారం తుపాకులు, వాటి అనుబంధ సామగ్రి చోరీకి గురైతే అన్నింటికీ కలిపి చెల్లించేది గరిష్ఠంగా 2,500 డాలర్లు. 15,000 డాలర్ల విలువైన తుపాకులు మంటల్లో కాలిపోతే ఈ ప్రత్యేక పరిమితి అడ్డురాదు. అవే తుపాకులు దొంగల పాలైతే ఆరోవంతు సొమ్ముకు మించి రాదు. కొన్ని కంపెనీలు సొంత పరిమితులు పెట్టుకుంటాయి కాబట్టి ఎవరి పాలసీ పత్రం వారు చదువుకోవాలి.

ఖరీదైన తుపాకులు ఉన్నవారు వాటిని విడిగా నమోదు చేయించి, అదనపు ప్రీమియం కడతారు. దీన్ని ‘షెడ్యూల్ చేయించడం’ అంటారు. ఇలా నమోదైన వస్తువుకు సాధారణంగా మరిన్ని రకాల నష్టాల నుంచి రక్షణ దొరుకుతుంది. అయితే తుపాకీ రకం, తయారీదారు, సీరియల్ నంబరు, విలువ కంపెనీకి ఇవ్వాల్సి ఉంటుంది.

పరాయివారికి హాని జరిగితే

తుపాకీ పొరపాటున పేలి ఇంటికొచ్చిన అతిథి గాయపడితే ‘కవరేజ్ ఇ’ అనే బాధ్యతా బీమా ఆదుకుంటుంది. కోర్టులో వాదించే ఖర్చును కూడా కంపెనీయే పెట్టుకుంటుంది. దీని కనీస మొత్తం సాధారణంగా లక్ష డాలర్లు. తీవ్రమైన గాయానికి అది చాలకపోవచ్చు. అందుకే పరిమితి పెంచుకునేవారు, పైన ‘అంబ్రెల్లా’ పాలసీ తీసుకునేవారు ఉంటారు.

కావాలని చేసిన హానికి ఈ బీమా వర్తించదు. మనుషులను గానీ ఆస్తిని గానీ కాపాడుకోవడానికి సహేతుకమైన బలం వాడిన సందర్భాన్ని మాత్రం నమూనా పాలసీ మినహాయించింది. అయితే ఆ బలం సహేతుకమా కాదా అన్నది వివాదంగా మారవచ్చు.

అన్నింటికంటే బాధాకరమైన పరిమితి ఇంకొకటి ఉంది. పాలసీ పరిధిలో ఉన్న కుటుంబ సభ్యులే గాయపడితే బాధ్యతా బీమా చెల్లించదు. బిడ్డ చేతికి తుపాకీ చిక్కి ఆ బిడ్డకే ప్రమాదం జరిగితే ఈ పాలసీ నుంచి పరిహారం రాదు. తూటాలు తీసేసి, తాళం వేసి దాచడమే అక్కడ అసలైన రక్షణ.

కంపెనీకి ఏం చెప్పాలి?

మామూలు గృహ బీమా దరఖాస్తులో తుపాకుల గురించి అడగడం తక్కువ. ఫ్లోరిడాలో 2011 నాటి చట్టం ప్రకారం, చట్టబద్ధంగా తుపాకీ ఉందన్న కారణంతో బీమా కంపెనీ పాలసీ నిరాకరించకూడదు, ప్రీమియం పెంచకూడదు. విడిగా నమోదు చేయించిన తుపాకుల ప్రీమియానికి మాత్రం వాటి మార్కెట్ విలువను చూడవచ్చు.

అడిగితే మాత్రం నిజమే చెప్పాలి. ముఖ్యమైన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా దాచినా, తప్పుగా చెప్పినా క్లెయిమ్ తిరస్కరించే హక్కు పాలసీ షరతుల్లోనే ఉంది. ఇంటి నుంచి తుపాకుల మరమ్మతు, అమ్మకం వంటి వ్యాపారం చేసేవారు ముందే చెప్పి వేరే పాలసీ తీసుకోవాలి. వ్యాపార బాధ్యతకు గృహ బీమా సాధారణంగా వర్తించదు.

చోరీ జరిగితే పోలీసులకు, బీమా కంపెనీకి వెంటనే తెలపాలి. ఫొటోలు, రశీదులు, సీరియల్ నంబర్లు ఇంటి బయట కూడా ఒక చోట భద్రపరచుకోవాలి. ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఈ వివరాలు రాసుకోవడానికి ఒక పత్రాన్ని అందుబాటులో ఉంచింది.

తప్పనిసరి బీమా

తుపాకీ యజమానులకు బాధ్యతా బీమాను తప్పనిసరి చేసిన మొదటి అమెరికన్ నగరం కాలిఫోర్నియాలోని శాన్ హోసే. 2022లో ఆమోదించిన ఈ నిబంధన 2023లో అమల్లోకి వచ్చింది. ప్రమాదవశాత్తు జరిగే నష్టాన్ని కవర్ చేస్తే గృహ బీమా, అద్దెదారుల బీమా కూడా సరిపోతాయి. బహిరంగ ప్రదేశాల్లో తుపాకీ వెంట ఉంచుకునేవారికి 3 లక్షల డాలర్ల బీమా ఉండాలని న్యూజెర్సీ 2022 డిసెంబరులో చట్టం చేసింది. మరుసటి ఏడాది ఫెడరల్ జిల్లా కోర్టు ఆ నిబంధన అమలును తాత్కాలికంగా ఆపింది.

అమెరికాలోని తెలుగువారు

హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. కాబట్టి తుపాకీ కొనాలనుకునేవారు మొదట తమ వీసా హోదాకు అనుమతి ఉందో లేదో, తర్వాత తమ రాష్ట్ర చట్టాన్ని, ఆ తర్వాత తమ పాలసీలోని చోరీ పరిమితిని, బాధ్యతా మొత్తాన్ని చూసుకోవాలి.